తుపాకీ మృదుకరణ ఉపసంఘం

జిల్లా గురిక్రీడల మండలికి కొత్త తుపాకీ వచ్చిన రోజున శిక్షకుడు రెయ్యి సన్యాసిరావు మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోయాడు. పెట్టె మేకులు ఊడదీసి, నూనె కాగితం విప్పి, తుపాకీని బల్లమీద పెట్టి, పురిటి బిడ్డను చూడ్డానికి వచ్చిన మేనమామలా దాని చుట్టూ తిరుగుతూ ఉండిపోయాడు.

అది పాయింట్ టూ టూ పంపు తుపాకీ. గొట్టం కింద చెక్కపిడి ఉంటుంది. దాన్ని వెనక్కి లాగితే కాల్చిన తూటా గుల్ల పక్కకి ఎగిరిపడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. వరసగా నిలబెట్టిన ఇనప బిళ్ళలను ఎవరు ముందుగా పడగొడితే వాళ్ళు గెలిచినట్టుగా రాష్ట్రంలో కొత్త పోటీ ఒకటి పెట్టారు. ఆ పోటీకి ఇలాంటి తుపాకీ కావాలి. మండలి దగ్గర అంతవరకూ ఉన్నది ఒక్కొక్క తూటా చేత్తో పెట్టుకోవలసిన పాతకాలపు తుపాకీ. దానితోనే గొర్లె హైమావతి అనే డిగ్రీ విద్యార్థిని జిల్లాలో అందరినీ ఓడించింది. రోజూ పొద్దున్నే, ఆఫీసు తెరవకముందే, సైకిలు తొక్కుకుంటూ సాధనకి వచ్చేది. జూనియర్లలో పాల్గొనడానికి ఆమెకు ఇదే ఆఖరి ఏడు.

హైమావతి కొత్త తుపాకీ అందుకుని చెక్కపిడి లాగింది. అది సగం దూరం వచ్చి ఆగిపోయింది. మళ్ళీ లాగింది. కిర్రుమని వచ్చింది.

"కొత్త చెప్పులా కరుస్తంది మేస్టారూ" అంది.

"కొత్తది కదమ్మా. నాలుగైదు పెట్టెల తూటాలు కాలిస్తే దారికొచ్చేస్తాది. అప్పుడు దానికి ఏ కంపెనీ తూటా పడతాదో కూడా తెలుస్తాది. ఒక్కొక్కదానికి ఒక్కొక్కటే పడతాది" అన్నాడు సన్యాసిరావు. వెంటనే తూటాల పెట్టెలు ఇప్పించమని అడగడానికి కార్యనిర్వహణాధికారి గదిలోకి వెళ్ళాడు.

కార్యనిర్వహణాధికారి పుండరీకాక్షరావుగారు క్రీడలశాఖకు కొత్త. అంతకుముందు పురపాలక సంఘంలో ఉండేవారు. అక్కడ ఆయన హయాంలో విద్యుత్ దహనవాటిక కట్టారు. ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి మీట నొక్కితే అది వెలగలేదు. రెండోసారి నొక్కినా వెలగలేదు. శవం తాలూకు బంధువులు ఇక ఓపిక లేక కట్టెలు తెప్పించుకున్నారు. ఆ వారంలోనే ఆయన్ని ఇక్కడికి బదిలీ చేశారు. తన చేతిమీదుగా ప్రారంభమయ్యే ఏ వస్తువూ ఇక జీవితంలో మొరాయించకూడదని ఆయన ఒట్టు పెట్టుకున్నారు.

సన్యాసిరావు చెప్పింది విని కళ్ళజోడు తీశారు.

"సన్యాసిరావుగారూ, ప్రారంభోత్సవం కాని వస్తువును వినియోగించుట ప్రారంభోత్సవమును కించపరచుటే. గౌరవ అధ్యక్షులు గున్నేశ్వరరావుగారు వచ్చే నెల విచ్చేస్తున్నారు. తొలి తూటా వారిది."

"అలాగే సార్. కానీసి ఇది బాగా బిగుసుగుంది. ఆయన చేతిలో ఇరుక్కుపోతే..."

ఇరుక్కుపోతే అన్న మాట వినగానే పుండరీకాక్షరావుగారి ముఖంలో దహనవాటిక కనిపించింది. ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు.

"అనగా తుపాకీ అలవాటుపడి ఉండవలెను. కాని వాడబడి ఉండరాదు."

"అదెలాగవుతాది సార్?"

"అది ఎలాగో కనుగొనుటకే పరిపాలన అనేది ఉన్నది."

"ఏ తూటా పడతాదో చూడాల కూడా సార్. తుపాకీయే చెప్తాది."

"అది అసలే కుదరదు. సరఫరాదారుని తుపాకీ ఎంపిక చేయుట కొనుగోలు నిబంధనలకు విరుద్ధం."

మర్నాడు పొద్దున్నకి తుపాకీ మృదుకరణ ఉపసంఘం ఏర్పడింది. దాని అధ్యక్షులు పుండరీకాక్షరావుగారు. సభ్యులు కార్యాలయంలోని మిగతా అందరూ. తూటా లేకుండా చెక్కపిడి లాగడం, తోయడం, ట్రిగ్గర్ నొక్కడం, ఇదే పని. పొద్దున్న వచ్చిన దగ్గరనుంచి సాయంత్రం తాళం వేసేదాకా ఆ తుపాకీ ఒక బల్లనుంచి ఇంకో బల్లకు నడుస్తూ ఉండాలి.

సన్యాసిరావు ఒకటికి రెండుసార్లు అడ్డుచెప్పాడు. ఈ రకం తుపాకీలో ట్రిగ్గర్ నొక్కగానే లోపలి సూది తూటా అంచుమీద కొడుతుందనీ, లోపల తూటా లేకపోతే అది గొట్టం పెదవిమీద పడి, సూదీ చెడుతుంది గొట్టమూ చెడుతుందనీ చెప్పాడు. కనీసం కాల్చేసిన గుల్ల ఒకటి లోపల పెట్టి నొక్కనివ్వమన్నాడు.

"గుల్ల ఉన్నచో తుపాకీ కాల్చబడినట్లు సాక్ష్యం ఉన్నట్లే కదా" అన్నారు పుండరీకాక్షరావుగారు. "ఇక ఇనుముమీద ఇనుము పడుట గురించి. రెండూ కొత్తవే. పరస్పరం అలవాటుపడనివ్వండి."

సన్యాసిరావు చూపించడానికి తెచ్చిన గుల్లను తిరిగి జేబులో వేసుకున్నాడు. అతని ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

ఉపసంఘంలో అందరికన్నా శ్రద్ధగా పనిచేసింది జూనియర్ అసిస్టెంటు కనకమాలక్ష్మి. మొదట ఆమె తుపాకీని ముట్టుకోవడానికే జంకింది. రెండో వారానికి ఒక చేత్తో ఫైలు తిప్పుతూ రెండో చేత్తో పంపు లాగడం నేర్చుకుంది. ఆ చప్పుడుకు అలవాటుపడి, తుపాకీ వేరే బల్లమీద ఉన్నప్పుడు ఆమెకు పని సాగేది కాదు. ఈతకొలను పాసుల కోసం వచ్చినవాళ్ళు కూడా తలా కాసేపు లాగితేనే పాసు ఇవ్వడం మొదలైంది. ఒక పెద్దాయన మోకాళ్ళ నొప్పులకు ఈత కొట్టమని డాక్టరు చెబితే వచ్చి, పంపు లాగి, భుజం పట్టేసి, ఈత అక్కర్లేదని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ పనిలో ఉండగానే పుండరీకాక్షరావుగారికి ఇంకో అనుమానం వచ్చింది. తుపాకీ అలవాటుపడింది సరే, మనుషుల మాటేమిటి? ప్రారంభోత్సవం నాడు శబ్దం విని సిబ్బంది ఉలిక్కిపడితే గౌరవ అధ్యక్షులవారు నొచ్చుకోరా? సిబ్బందిని శబ్దానికి కూడా అలవాటు చేయాలి. తూటా కాల్చడానికి వీల్లేదు కనుక ఎవరో ఒకరు నోటితో అనాలి.

"పాయింట్ టూ టూ అంత సౌండు రాదు సార్. టప్ మంటాది, అంతే" అన్నాడు సన్యాసిరావు.

"టప్పా?" పుండరీకాక్షరావుగారు బాధపడ్డారు. "టప్ అనునది ఇంటి చూరునుంచి నీరు కారు శబ్దం. గౌరవ అధ్యక్షులవారి హోదాకు తగిన శబ్దం ఢాం."

అప్పటినుంచి ట్రిగ్గర్ టిక్కుమన్నప్పుడల్లా కార్యాలయమంతా ఢాం అనడం మొదలుపెట్టింది. మొదట్లో కొందరు ముందు, కొందరు వెనక అనేవారు. నెల తిరిగేసరికి ఒకే గొంతులా వచ్చేది. అందులో కనకమాలక్ష్మి గొంతు వేరుగా తెలిసేది. ఆమె బొడ్డులోంచి అనేది. పక్కనున్న ఖజానా కార్యాలయం వాళ్ళు ఒకసారి వచ్చి చూసి, వెళ్ళి తమవైపు కిటికీలు మూసుకున్నారు.

హైమావతి రోజూ వచ్చి తుపాకీ కోసం అడిగేది. పాత తుపాకీతోనే సాధన చేసి వెళ్ళేది.

"సెలెక్షన్లు దగ్గరికొచ్చీసినాయి మేస్టారూ. నా చేతికి ఎప్పుడిస్తారు?"

"ప్రారంభోత్సవం అవనీ తల్లీ. ఆ మర్నాడే నీకిచ్చేస్తాను."

ప్రారంభోత్సవానికి ముందురోజు పుండరీకాక్షరావుగారు గురి అట్ట తెప్పించుకుని చూశారు. నల్లటి చుక్క చుట్టూ తెల్లటి వలయాలు. గౌరవ అధ్యక్షులవారి తూటా వలయాల అవతలికి పోతే ఏమిటి గతి? ఆయన బల్లమీది పంచింగ్ మెషీను తీసుకుని చుక్క నడిమధ్య తానే ఒక రంధ్రం చేశారు. అట్టను గాలికి ఎత్తిపట్టి, అందులోంచి సన్యాసిరావు వంక చూసి, తృప్తిపడ్డారు.

ఆ రోజు రానే వచ్చింది. సిబ్బందికి గట్టిగా చెప్పారు, ఇవాళ నిజం తూటా, ఎవరూ నోరు తెరవకూడదని. గున్నేశ్వరరావుగారు పట్టు పంచె, పూలదండలతో వచ్చారు. రొయ్యల చెరువులు ఉన్న మనిషి, భారీ విగ్రహం. సన్యాసిరావు తుపాకీ నిండా తూటాలు పెట్టి అందించాడు.

గున్నేశ్వరరావుగారు చెక్కపిడి లాగారు. అది వెన్నలో వేలు దిగినట్టు జారింది. పుండరీకాక్షరావుగారు కళ్ళు మూసుకుని తెరిచారు. గున్నేశ్వరరావుగారు గురి చూసి ట్రిగ్గర్ నొక్కారు.

టిక్ మంది.

అంతే. నెలరోజులు ఇనుము మీద కొట్టి కొట్టి సూది మొన మొద్దుబారిపోయింది. తూటా అంచుమీద దానికి గాటు కూడా పడలేదు. కాని సన్యాసిరావుకు ఆ సంగతి తట్టేలోపలే సిబ్బంది అందరికీ టిక్కు వినబడింది. నెలరోజుల అలవాటు. అందరూ కలిసి ఢాం అన్నారు. కనకమాలక్ష్మి ఢాం గోడకు తగిలి తిరిగి వచ్చింది.

చప్పట్లు మోగాయి. గురి అట్ట తెచ్చి చూపించారు. నల్లచుక్క నడిమధ్య రంధ్రం.

గున్నేశ్వరరావుగారు ఆ రంధ్రంలో చిటికెన వేలు పెట్టి చూసుకున్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ఏటయ్యా, నానేనా కొట్టింది?" అని, ఎవరూ జవాబు చెప్పకముందే మళ్ళీ తుపాకీ ఎత్తారు. టిక్. ఢాం. టిక్. ఢాం. పంపు లాగినప్పుడల్లా కాలని తూటాలు నిండుగా పసిడిలా మెరుస్తూ ఎగిరిపడుతున్నాయి. సన్యాసిరావు వాటిని ఏరి జేబులో వేసుకుంటూ ఆయన వెనక తిరిగాడు. తుపాకీలో ఉన్నవన్నీ అయిపోయాక మళ్ళీ అట్ట తెచ్చారు. అందులో ఒకటే రంధ్రం ఉంది.



"అన్ని తూటాలూ ఒకే రంధ్రములోనుంచి వెళ్ళాయి సార్" అన్నారు పుండరీకాక్షరావుగారు.

గున్నేశ్వరరావుగారు వేదికమీదే కూర్చుండిపోయారు. ఇంతకాలం ఈ విద్య తనలో ఉందని తనకే తెలియలేదనీ, రొయ్యల మధ్య వయసంతా గడిచిపోయిందనీ అన్నారు. ఆ తర్వాత మైకు తీసుకుని, రాష్ట్ర పోటీలకు మన జిల్లా తరఫున తానే వెళతానని ప్రకటించారు.

హైమావతి జనంలో ముందు వరసలోనే ఉంది. సన్యాసిరావు ఆమె వంక చూడలేకపోయాడు. ఆ సాయంత్రం పుండరీకాక్షరావుగారు ఆమెను పిలిచి, జిల్లా ప్రయోజనాల దృష్ట్యా ఆమెను ప్రత్యామ్నాయ క్రీడాకారిణిగా నియమించినట్లూ, తుపాకీ సంచి మోసే గౌరవం ఆమెకే దక్కినట్లూ చెప్పారు. జూనియర్ల పోటీ కదా, ఆయనకు అరవై దాటాయి కదా అని ఆమె అడిగింది. ఈ క్రీడకు వారు కొత్త, కావున జూనియరే, అని ఆయన జవాబిచ్చారు.

రాష్ట్ర పోటీలకు అందరూ బస్సులో వెళ్ళారు. గున్నేశ్వరరావుగారు, పుండరీకాక్షరావుగారు, తుపాకీ సంచితో హైమావతి, సన్యాసిరావు, ఢాం అనడానికి సిబ్బంది. అక్కడ చూస్తే ఇతర జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు కూడా అధ్యక్షులే. ఒక్కొక్కరి వెనకా ఒక కార్యాలయం నిలబడి ఉంది. గోడవార వరసగా కూర్చున్న పిల్లలంతా ప్రత్యామ్నాయ క్రీడాకారులు. వాళ్ళ ఒళ్ళో సంచులు.

ఇనప బిళ్ళల పోటీ రద్దు చేసి గురి అట్టల పోటీ పెట్టారు. బిళ్ళలు పడే చప్పుడుకు అధ్యక్షుల ఏకాగ్రత చెడుతుందని కారణం. అట్టలు ఎవరి జిల్లావి వాళ్ళే తెచ్చుకున్నారు. ఈల వేయగానే వరస పొడుగునా టిక్కు టిక్కుమంది. వెనకనుంచి ఢాం, ఢమాల్, ధన్, ఒక జిల్లా వాళ్ళయితే ధడేల్ అన్నారు. అట్టలు తెచ్చి చూస్తే అందరివీ నడిమధ్యనే, అందరివీ ఒకటే రంధ్రం.

న్యాయనిర్ణేతలు లోపలికి వెళ్ళి చాలాసేపు చర్చించుకున్నారు. బయటికి వచ్చి, గురిలో అందరూ సమానులైనందున ధ్వనిగాంభీర్యాన్ని బట్టి విజేతను నిర్ణయిస్తామన్నారు. రెండో విడతలో అట్టలు కూడా పెట్టలేదు.

కనకమాలక్ష్మి ముందురోజునుంచి మజ్జిగ మానేసి వేడినీళ్ళే తాగింది. గున్నేశ్వరరావుగారు ట్రిగ్గర్ నొక్కగానే ఆమె అన్న ఢాంకు షామియానా మీది కాకులు లేచిపోయాయి. న్యాయనిర్ణేతల్లో ఒకరు నేలమీద పడుకున్నారు. బంగారు పతకం మన జిల్లాకే వచ్చింది. గున్నేశ్వరరావుగారు దాన్ని మెడలో వేసుకుని తిరుగుప్రయాణమంతా తీయలేదు.

బస్సులో సన్యాసిరావు హైమావతి పక్కన కూర్చున్నాడు. 

"వచ్చే ఏడాది సీనియర్లలో..." అని మొదలుపెట్టాడు.

"మీరు కూడా అరిశారు మేస్టారూ" అంది హైమావతి.

"ఏటమ్మా?"

"ఢాం అని. ఆళ్ళందరితో పాటు మీరు కూడా అరిశారు. నాను సూశాను."

సన్యాసిరావుకు ఆ మాట నిజమో కాదో తెలియలేదు. గుర్తు చేసుకున్నాడు. నిజమే. నోరు దానంతటదే తెరుచుకుంది. హైమావతి కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత వారం ఆమె సాధనకి రాలేదు. పై వారం కూడా రాలేదు.

తుపాకీకి సన్మానం చేసి, అద్దాల పెట్టెలో పెట్టాలని పుండరీకాక్షరావుగారు నిర్ణయించారు. పెట్టెకు టేకు వాడాలా వేప వాడాలా అన్నది తేలలేదు. అది తేలేవరకూ తుపాకీని భద్రపరచమని సన్యాసిరావుకు అప్పగించారు. భద్రపరచడం అన్న మాటలో మరమ్మతు కూడా ఉంటుందని సన్యాసిరావు తనకు తానే చెప్పుకున్నాడు. లైసెన్సు కాగితాలు పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళి, తుపాకులు బాగుచేసే మేస్త్రీకి చూపించాడు. మేస్త్రీ సూదిని చేతిలో తిప్పి, దీన్ని మేకులు కొట్టడానికి గాని వాడారా అని అడిగాడు. కొత్త సూది వేసి, గొట్టం పెదవిమీద పడిన సొట్ట సరిచేసి, చెక్కపిడి ఒకసారి లాగి చూసి ఆగిపోయాడు. మళ్ళీ లాగాడు.

"పంపు మాత్రం ఇంత నున్నగా నేనెక్కడా చూడలేదండి. ఎవరు నునుపు చేశారు?" అన్నాడు.

"మా ఆఫీసు" అన్నాడు సన్యాసిరావు.

అక్కడినుంచి నేరుగా హైమావతి వాళ్ళ ఊరు వెళ్ళాడు. ఆమె వాకిట్లో కొబ్బరిపీచు ఎండబోస్తోంది. అతన్ని చూసి ఇంకో గంప కుమ్మరించింది.

"అరిశానమ్మా. నిజమే" అన్నాడు సన్యాసిరావు నిలబడే. "రేపు పొద్దున్న తుపాకీ తీసి ఆఫీసు వెనక మైదానంలో పెడతాను. ఎవరినీ అడగను. నువ్వొస్తే నువ్వు కాలుస్తావు. రాపోతే నాను కాలుస్తాను."

హైమావతి పీచు తిరగేస్తూ, "ఉద్యోగం పోతాది మేస్టారూ" అంది.

"పోతే పోతాది."

మర్నాడు అతను వెళ్ళేసరికే మైదానం గేటు దగ్గర సైకిలు ఉంది. మట్టిగట్టు ముందు ఇనప బిళ్ళలు వరసగా నిలబెట్టారు. రెండు మూడు కంపెనీల తూటాలు పెట్టుకుని కూర్చున్నారు. మొదటి రకం తూటాకు తుపాకీ ఎడమవైపు లాగింది. రెండోదానికి చెదరగొట్టింది. మూడోదానికి దారికొచ్చింది. హైమావతి బట్ట వేసి గొట్టం తుడిచి, మళ్ళీ నింపి, నిలబడింది. పంపు ఆమె చేతిలో చప్పుడు లేకుండా ఆడింది. బిళ్ళలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పడిపోయాయి. చివరి బిళ్ళ పడ్డాక కూడా ఆమె తుపాకీ దించలేదు.

"మేస్టారూ" అంది మెల్లగా. "ఇది బాగుంది."

అప్పటికి ఆఫీసు వేళయింది. చప్పుడు విని సిబ్బంది అంతా మైదానంలోకి వచ్చేశారు. తుపాకీ శబ్దం వాళ్ళు వినడం అదే మొదటిసారి. వాళ్ళ వెనక పుండరీకాక్షరావుగారు చేతిలో టేకు ముక్క, వేప ముక్క పట్టుకుని వచ్చారు.

"ఎవరి అనుమతితో ఈ కాల్పులు జరుగుచున్నవి?"

"ఎవరినీ అడగలేదు సార్" అన్నాడు సన్యాసిరావు.

పుండరీకాక్షరావుగారు నోరు తెరిచారు. ఇలాంటి జవాబు ఆయన ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు. దానికి ఏ నిబంధన వర్తిస్తుందో ఆయనకు వెంటనే తోచలేదు. ఈలోగా కనకమాలక్ష్మి చెంగు నడుముకు దోపి ముందుకొచ్చింది.

"ఇన్నాళ్ళూ పంపు లాగింది నాను కదమ్మా. నన్నోపాలి కాల్చనీ" అని హైమావతిని అడిగింది.

హైమావతి ఆమె భుజానికి తుపాకీ ఆనించి, చెంప ఎక్కడ పెట్టాలో చూపించింది. కనకమాలక్ష్మి మొదటి తూటాకే మధ్య బిళ్ళ పడగొట్టింది. ఢాం అనాలన్న ధ్యాసే లేదు. పంపు లాగి పక్కదాన్ని కూడా పడగొట్టింది. ఆ తర్వాత మిగతావాళ్ళు వరస కట్టారు. పుండరీకాక్షరావుగారు కాసేపు ఆఫీసువైపు, కాసేపు బిళ్ళలవైపు చూశారు. చెక్కముక్కలు రెండూ గడ్డిలో పెట్టి, వరస చివర నిలబడ్డారు.

ఆయన వంతు వచ్చింది. తుపాకీ ఎలా పట్టుకోవాలో ఆయనకు తెలియదు.

"గొట్టం అటుపక్క ఉంచండి సార్. చెప్పేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకండి" అంది హైమావతి.

ఆయన బుద్ధిగా వేలు తీసేశారు. చెప్పినట్టు నిలబడి, చెప్పినప్పుడు నొక్కారు. భుజం చిన్నగా అదిరింది. మట్టిగట్టుమీద ఎక్కడో దుమ్ము లేచింది. పుండరీకాక్షరావుగారు వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూశారు.

"తగిలిందా?" అని అడిగారు.

సిబ్బంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 

"లేదండి. తగల్లేదు" అంది కనకమాలక్ష్మి.

 పుండరీకాక్షరావుగారు గట్టువైపు తిరిగి, చెక్కపిడి వెనక్కి లాగారు.